కొత్త నైట్రేషన్ బ్యాచ్‌కు పాత హజాప్ పత్రం సరిపోతుందా?

ప్రశ్న: విశాఖ ప్రాసెస్

అందరికీ నమస్కారం. విశాఖపట్నం దగ్గర బల్క్ డ్రగ్ ఇంటర్మీడియట్లు తయారుచేసే ఒక మధ్యస్థాయి కర్మాగారంలో ప్రాసెస్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. వచ్చే నెలలో మా ప్లాంటులో ఒక ఆరోమాటిక్ ముడిపదార్థానికి నైట్రేషన్ (అణువుకు నైట్రో సమూహాన్ని చేర్చే చర్య) మొదలుపెట్టబోతున్నాము. ఆర్ అండ్ డీలో లీటరు ఫ్లాస్కులో చేసి చూసిన ఈ చర్యను నేరుగా 3 కిలోలీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టరులోకి తీసుకువెళ్లాలని నిర్ణయించారు.

పద్ధతి స్థూలంగా ఇది. ద్రవరూపంలో ఉన్న ముడిపదార్థాన్ని రియాక్టరులోకి తీసుకొని, జాకెట్‌లో (రియాక్టరు చుట్టూ ఉండే తొడుగులో) బ్రైన్, అంటే చల్లటి ఉప్పునీరు తిప్పి 10 డిగ్రీలకు చల్లబరుస్తాము. పై అంతస్తులో ఉన్న అడిషన్ ట్యాంకు నుంచి సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమాన్ని నాలుగు గంటల పాటు నెమ్మదిగా వదులుతూ, లోపలి ఉష్ణోగ్రత 15 డిగ్రీలు దాటకుండా చూస్తాము. అడిషన్ పూర్తయిన తరువాత 40 డిగ్రీలకు తీసుకువెళ్లి రెండు గంటలు ఉంచి, శాంపిల్ పాసైతే మంచునీటిలోకి పోసి చర్యను ఆపుతాము (క్వెంచ్).

ప్రమాద అధ్యయనానికి యాజమాన్యం రెండు రోజులు కేటాయించింది. ఇదే బ్లాకులో గతంలో జరిగిన ఒక హైడ్రోజనేషన్‌కు (హైడ్రోజన్ చేర్చే చర్యకు) చేసిన హజాప్ పత్రం, అంటే ఏది ఎలా తప్పవచ్చో బృందంగా ప్రశ్నలు వేసి రాసిన ప్రమాద అధ్యయనం, మా దగ్గర ఉంది. అందులో ఎక్విప్‌మెంట్ నంబర్లు, రసాయనాల పేర్లు మార్చి, కొత్త చర్యకు తగ్గట్టు నాలుగైదు వరుసలు చేరిస్తే సరిపోతుందని పై అధికారులు అంటున్నారు. రియాక్టరు అదే, జాకెట్ అదే, చిల్లింగ్ ప్లాంటు అదే కనుక ప్రమాదాలు కూడా దాదాపు అవే ఉంటాయన్నది వారి వాదన. ఆర్ అండ్ డీ నివేదికలో ఈ చర్య వేడి గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: స్వల్పంగా వేడి పుడుతుంది, ఐస్ బాత్‌తో సులభంగా అదుపులో ఉంటుంది అని.

ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడటం లేదు. బ్యాచ్ ప్రాసెస్‌కు హజాప్ ఎలా చేయాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, చేసే ముందు ఏ సమాచారం చేతిలో ఉండాలి అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా? అభ్యంతరం చెప్పదలచుకుంటే కేవలం భయంతో కాకుండా కారణాలతో చెప్పాలని నా కోరిక.

జవాబు: కెలోరిమీటర్

విశాఖ ప్రాసెస్ గారికి, మీ భయానికి ఆధారం ఉంది. దాన్ని అంకెల్లోకి మార్చడం ఎలాగో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఐస్ బాత్ సంగతి. లీటరు ఫ్లాస్కు నుంచి 3,000 లీటర్ల రియాక్టరుకు వెళ్లినప్పుడు పుట్టే వేడి 3,000 రెట్లు పెరుగుతుంది కానీ, ఆ వేడిని బయటికి పంపే గోడ వైశాల్యం అదే నిష్పత్తిలో పెరగదు. ఒకే ఆకారం అనుకుంటే ఒక్కో లీటరుకు దొరికే గోడ వైశాల్యం సుమారు 14 రెట్లు తగ్గిపోతుంది. దీనికి తోడు గ్లాస్ లైనింగ్ ఉక్కు కంటే వేడిని తక్కువగా పంపుతుంది. చిన్న గిన్నెలో అన్నం క్షణాల్లో చల్లారిపోతుంది, పెళ్లి గుండిగలో అన్నం గంటల తరువాత కూడా చెయ్యి కాలుస్తుంది. శీతలీకరణ ఆగిపోయిన పెద్ద రియాక్టరు తన వేడిని దాదాపు మొత్తంగా తనలోనే దాచుకుంటుంది కనుక, ఫ్లాస్కులో సులభంగా అదుపులో ఉండటం ప్లాంటు గురించి మనకు ఏమీ చెప్పదు.

అందుచేత హజాప్ బల్ల దగ్గర కూర్చోకముందే మీ చేతిలో కొన్ని అంకెలు ఉండాలి. రియాక్షన్ కెలోరిమీటరులో ఇదే పద్ధతిని, ఇదే అడిషన్ వేగంతో నడిపిస్తే మొత్తం ఎంత వేడి పుడుతుందో, అడిషన్ జరుగుతున్న ఏ క్షణంలోనైనా చర్య జరగకుండా మిగిలిపోయిన ఆమ్లం ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు, చల్లబరచడం పూర్తిగా ఆగిపోతే మొత్తం వేడి వల్ల ద్రవ్యం 120 డిగ్రీలు పెరుగుతుందని తేలిందనుకుందాం. అడిషన్ మధ్యలో 35 శాతం ఆమ్లం పేరుకొని ఉండగా బ్రైన్ ఆగిపోతే, 15 డిగ్రీల దగ్గర ఉన్న ద్రవ్యం 42 డిగ్రీలు పెరిగి 57కు చేరుతుంది. అదే ఆమ్లం అంతా చర్య జరగకుండా పేరుకున్న తరువాత ఒక్కసారిగా అంటుకుంటే 135కు చేరుతుంది. ఇవి నేను వివరణ కోసం తీసుకున్న అంకెలే, మీ చర్యకు మీరు కొలిపించుకోవాలి. అయితే 57కూ 135కూ మధ్య ఉన్న తేడానే మీ అధ్యయనంలో అసలు విషయం.

ఎందుకంటే మీ ఉత్పత్తి ఒక నైట్రో సమ్మేళనం. కొంత ఉష్ణోగ్రత దాటాక అది తనంతట తాను విచ్ఛిన్నమవుతూ, నైట్రేషన్ ఇచ్చిన దానికంటే చాలా ఎక్కువ వేడినీ, వాయువులనూ విడుదల చేస్తుంది. ఆ ఉష్ణోగ్రత ఎంతో తెలియాలంటే చర్య పూర్తయిన ద్రవ్యానికి, శుద్ధి చేసిన ఉత్పత్తికి, స్వేదనం తరువాత మిగిలే అడుగు జిడ్డుకు విడివిడిగా డీఎస్‌సీ పరీక్ష (నమూనాను వేడిచేస్తూ అది ఎక్కడ వేడి పుట్టిస్తుందో చూసేది) చేయించండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డీఎస్‌సీ గ్రాఫులో వేడి మొదలైనట్టు కనిపించే బిందువు 180 డిగ్రీల దగ్గర ఉంటే 170 వరకు భయం లేదని చాలామంది అనుకుంటారు. మిల్లీగ్రాముల నమూనాను వేగంగా వేడిచేస్తూ చూసిన బిందువు అది. టన్నుల ద్రవ్యం గంటల తరబడి వేడిగా నిలిచి ఉంటే అంతకంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే విచ్ఛిన్నం మొదలై, మెల్లగా వేగం పుంజుకుంటుంది. అందుకే ఏఆర్‌సీ వంటి అడియాబాటిక్ (వేడి బయటికి పోనివ్వని) పరీక్షతో, ఏ ఉష్ణోగ్రత దగ్గర వదిలేస్తే రన్అవేకు (చర్య తన వేడితోనే అదుపు తప్పడానికి) 24 గంటలు పడుతుందో తెలుసుకుంటారు. శీతలీకరణ పోయినప్పుడు చేరే గరిష్ఠ ఉష్ణోగ్రత ఆ 24 గంటల గీతకు బాగా కిందే ఉంటే మీకు వ్యవధి ఉన్నట్టు. దాన్ని దాటితే, చర్యను ఈ రూపంలో ప్లాంటులోకి తేకూడదని ఆర్ అండ్ డీకి తిప్పి పంపవలసి ఉంటుంది.

ఈ రెండో చర్య కాగితం మీద లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2007 డిసెంబరు 19న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్‌లో జరిగిన పేలుడును చూడండి. సోడియం లోహంతో నడిచే మొదటి చర్యలో శీతలీకరణ విఫలమై ఉష్ణోగ్రత పెరిగింది. ఆ వేడి దగ్గర సోడియం అందులోని ద్రావణితోనే మరో చర్యకు దిగింది. నలుగురు చనిపోయారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలినదేమిటంటే, ఆ రన్అవే అవకాశాన్ని సంస్థ గుర్తించనేలేదు, చల్లబరచడానికి ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు, రిలీఫ్ వ్యవస్థ ఆ ఒత్తిడిని తట్టుకునే స్థాయిలో లేదు. రప్చర్ డిస్క్ (ఒత్తిడి పెరిగితే పగిలి దారి ఇచ్చే పలక) ఉంది కదా అని ధైర్యం చెప్పేవారు మీ దగ్గర కూడా ఉండవచ్చు. ఆ డిస్కు ఏ పరిస్థితికి, ఏ పరీక్ష ఫలితంతో సైజు చేశారో అడగండి. హైడ్రోజనేషన్ కోసం పెట్టిన డిస్కు నైట్రో విచ్ఛిన్నానికి సరిపోతుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఇక బ్యాచ్ హజాప్ విషయం. నిరంతరం నడిచే ప్లాంటులో పైపు, పంపు, వెసెల్ అని నోడ్లుగా విడగొట్టి ఫ్లో, ప్రెషర్, లెవెల్, టెంపరేచర్ ఎక్కువైతే, తక్కువైతే, లేకపోతే, వెనక్కి పారితే అని అడుగుతూ పోతాము. 1960లలో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో ఈ పద్ధతి రూపుదిద్దుకున్నది అటువంటి ప్లాంట్ల నుంచే. బ్యాచ్‌లో మాత్రం నోడ్ అంటే పరికరం కాదు, పరికరంలో జరిగే పని. ఒకే రియాక్టరు ఛార్జింగ్‌కు ఒక నోడ్, చల్లబరచడానికి ఒకటి, అడిషన్‌కు ఒకటి, హోల్డ్‌కు ఒకటి, శాంపిల్ తీయడానికి ఒకటి, క్వెంచ్‌కు ఇంకొకటి. ప్రతి పనికీ ముందుగా జరిగితే, ఆలస్యంగా జరిగితే, సగంలో ఆగితే, రెండుసార్లు జరిగితే, అసలు జరగకపోతే, వరుస తప్పితే అన్న ప్రశ్నలు వేయాలి. కదిలించకుండా ఆమ్లం వదిలితే? క్వెంచ్‌లో మంచునీటిలోకి ద్రవ్యం పోయడానికి బదులు ద్రవ్యంలోకి నీరు పోస్తే? మీ పాత పత్రంలో ఈ ప్రశ్నలు ఉండే అవకాశం లేదు, ఎందుకంటే అది వేరే పనుల వరుసకు రాసినది. నా అభిప్రాయంలో ఆ పత్రాన్ని బల్ల మీద పెట్టకపోవడమే మంచిది. ఎదురుగా నిండిన గళ్లు కనిపిస్తే మనిషి కొత్తగా ఆలోచించడు.

జవాబు: రాత్రి షిఫ్ట్

పై జవాబు చదివాను. పరీక్షల గురించి చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను నైట్రేషన్ బ్లాకులో చాలాకాలం షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్నాను కనుక, హజాప్ గదిలో సాధారణంగా వినిపించని కొన్ని సంగతులు చెబుతాను.

ఈ చర్యలో ఆపరేటరును తప్పుదారి పట్టించేది తక్కువ ఉష్ణోగ్రత. మీ బ్యాచ్ రికార్డులో 15 దాటకూడదని మాత్రమే రాసి ఉంటుంది. అడిషన్ సాగుతుండగా బ్రైన్ బాగా చల్లగా వచ్చి లోపల 4 డిగ్రీలకు పడిపోతే, ఆపరేటరు దాన్ని మంచి శకునంగా భావించి, సమయం కలిసివస్తుందని వాల్వు ఇంకొంచెం తెరుస్తాడు. నిజానికి ఆ చల్లదనంలో చర్య నెమ్మదించి ఆమ్లం పేరుకుంటోంది. తరువాత ఉష్ణోగ్రత కాస్త ఎక్కగానే పేరుకున్నదంతా ఒకేసారి చర్యకు దిగుతుంది. అందుకని పై పరిమితితో పాటు కింది పరిమితి కూడా రాయాలి. దానికంటే దిగువకు పోతే అడిషన్ ఆపాలని స్పష్టంగా ఉండాలి. ఆమ్లం వదులుతున్నా ఉష్ణోగ్రత ఏమాత్రం కదలకపోవడం కూడా ఆపవలసిన సంకేతమే.

రెండోది అజిటేటరు, అంటే ద్రవాన్ని కలియతిప్పే యంత్రం. ఆమ్లమూ ఆర్గానిక్ ద్రవమూ కలవనివి. అజిటేటరు ఆగితే నిమిషాల్లో రెండు పొరలుగా విడిపోతాయి. పొరల సరిహద్దు దగ్గర తప్ప చర్య జరగదు, ఉష్ణోగ్రత ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ స్థితిలో అజిటేటరును మళ్లీ పూర్తి వేగంతో నడిపితే రెండు పొరలూ ఒక్కసారిగా కలిసిపోయి, జాకెట్ మోయలేని వేడి పుడుతుంది. రాత్రి కరెంటు పోయి డీజీ సెట్ (డీజిల్ జనరేటరు) అందుకున్న తరువాత మీ ప్లాంటులో ఏ మోటార్లు వాటంతట అవే తిరుగుతాయో, ఏవి చేత్తో స్టార్ట్ చేయాలో, ఏ వరుసలో చేయాలో వెళ్లి చూడండి. బ్రైన్ పంపు కంటే ముందు అజిటేటరు తిరిగితే ఏమవుతుందన్న ప్రశ్న మీ పత్రంలో తప్పకుండా ఉండాలి. అజిటేటరు ఆగితే అడిషన్ వాల్వు మూసుకుపోయే ఇంటర్‌లాక్ పెట్టారనుకుందాం. ఆ ఇంటర్‌లాక్ మోటారు స్టార్టర్ నుంచి సిగ్నల్ తీసుకుంటే, కప్లింగ్ విరిగి మోటారు మాత్రమే తిరుగుతున్నప్పుడు అది మౌనంగా ఉంటుంది. మోటారు తీసుకునే కరెంటు పడిపోవడాన్ని కూడా గమనించేలా ఉండాలి.

మూడోది థర్మోవెల్, అంటే ఉష్ణోగ్రత సెన్సరు ఉండే గొట్టం. పెద్ద గ్లాస్ లైన్డ్ రియాక్టరులో మొదటి ఛార్జి తక్కువగా ఉంటే థర్మోవెల్ కొస ద్రవాన్ని తాకకపోవచ్చు. అప్పుడు మీటరు చూపించేది పైనున్న ఆవిరి ఉష్ణోగ్రత. ఎంత ఛార్జి తరువాత కొస మునుగుతుందో డ్రాయింగులో లెక్కవేసి చూడండి. ఇంకా అడిషన్ వాల్వు పాసింగ్ సంగతి ఉంది. మూసినట్టే కనిపించి సన్నగా కారే వాల్వు రాత్రంతా ఎంత ఆమ్లాన్ని రియాక్టరులోకి పంపుతుందో, అడిషన్ ట్యాంకు లెవెల్ గ్లాస్ మీద ఎవరూ గీత పెట్టకపోతే తెలియదు. వరుసగా రెండు వాల్వులు పెట్టి, అడిషన్ ట్యాంకులోకి ఒక బ్యాచ్‌కు సరిపడా కంటే ఎక్కువ పట్టకుండా చేస్తే సగం సమస్య తీరుతుంది.

ఈ విషయాలేవీ పీ అండ్ ఐడీలో (పైపులు, పరికరాల డ్రాయింగులో) కనిపించవు. బ్లాకులో పనిచేసే ఆపరేటర్లలో కనీసం ఇద్దరిని, అందులో ఒకరిని రాత్రి షిఫ్టుల అనుభవం ఉన్నవారిని, అధ్యయనం జరిగినంతసేపూ కూర్చోబెట్టండి. కాంట్రాక్టు కార్మికులు ఛార్జింగ్ చేస్తున్నట్టయితే వారిలో ఒకరు ఉండాలి. మేనేజరు ఎదురుగా వారు నోరు విప్పరు అని మీకు అనిపిస్తే, ముందు రోజు మీరే బ్లాకులో వారితో కలిసి పద్ధతి మొత్తం నడిచి చూసి, వారు చెప్పినవి రాసుకొని తీసుకువెళ్లండి.

విశాఖ ప్రాసెస్

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రకారం నిన్న బ్లాకులో తిరిగి చూశాను. డీజీ సెట్ అందుకున్న తరువాత అజిటేటర్లు చేత్తోనే స్టార్ట్ చేయాలి కానీ, వరుస ఎక్కడా రాసి లేదు. బ్రైన్ పంపు స్టార్టరు యూటిలిటీ భవనంలో ఉంది, అక్కడ రాత్రిపూట ఒక్కరే ఉంటారు, ఆయనకూ మా బ్లాకుకూ మధ్య ఉన్నది ఫోను మాత్రమే. పాత హైడ్రోజనేషన్ పత్రంలో శీతలీకరణ వైఫల్యం అన్న వరుసలో రక్షణలుగా మూడు రాసి ఉన్నాయి: టెంపరేచర్ కంట్రోలర్, హై టెంపరేచర్ అలారం, హై టెంపరేచర్ ఇంటర్‌లాక్. లూప్ డ్రాయింగ్ చూస్తే మూడూ ఒకే సెన్సరు మీద ఆధారపడి ఉన్నాయి. వీటిని మూడు రక్షణలుగా లెక్కించవచ్చా?

మరో సందేహం. ఈ బ్యాచ్ మధ్యలో ఆదివారం లేదా పండుగ సెలవు వస్తే 40 డిగ్రీల హోల్డ్ తరువాత ద్రవ్యాన్ని రియాక్టరులోనే ఉంచి, సోమవారం క్వెంచ్ చేయవచ్చని ప్రొడక్షన్ వారు అనుకుంటున్నారు. చర్య అప్పటికే పూర్తయి ఉంటుంది కనుక ప్రమాదం లేదంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: జుబైల్ తెలుగు

నేను సౌదీలో ఒక పెట్రోకెమికల్ కాంప్లెక్సులో ప్రాసెస్ సేఫ్టీ విభాగంలో పనిచేస్తున్నాను. రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ప్రాణాంతకమైనది.

ఆ ఆలోచనను మానిపించండి. ఇటలీలో మిలాన్ దగ్గర ఇక్మెసా కర్మాగారంలో 1976 జులై 10న జరిగిన సెవెసో దుర్ఘటన ఇటువంటి వారాంతపు విరామం నుంచే పుట్టింది. ట్రైక్లోరోఫినాల్ బ్యాచ్‌లో స్వేదనం పూర్తికాకుండానే శనివారం ఉదయం షిఫ్ట్ ముగియడంతో ఆవిరి ఆపి, అజిటేటరు ఆపి సిబ్బంది వెళ్లిపోయారు. అప్పుడు ద్రవ్యం 158 డిగ్రీల దగ్గర ఉంది. మామూలు లెక్క ప్రకారం అది సురక్షితమే. అయితే ఆ రోజు ఆవిరి సాధారణం కంటే చాలా వేడిగా వచ్చి ఉండటంతో ద్రవ మట్టానికి పైనున్న గోడ బాగా కాగి ఉంది. అజిటేటరు ఆగినందువల్ల ఆ గోడ వేడి ద్రవం పై పొరలోకి మాత్రమే దిగి, అక్కడ మెల్లగా విచ్ఛిన్నం మొదలైంది. సుమారు ఆరున్నర గంటల తరువాత, మధ్యాహ్నం రప్చర్ డిస్కు పగిలి డయాక్సిన్ కలిసిన మేఘం ఊళ్ల మీదికి పోయింది. యంత్రాలేవీ నడవని సమయంలో జరిగిన ప్రమాదమిది.

మన విశాఖలోనే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయినప్పుడు, లాక్‌డౌన్ కారణంగా ఉత్పత్తి ఆగి ఉంది. స్టైరీన్ దానంతట అదే పాలిమర్‌గా మారే పదార్థం, మారుతూ వేడి పుట్టిస్తుంది. దాన్ని అదుపులో ఉంచేవి చల్లదనమూ, టీబీసీ అనే ఇన్హిబిటరూ. ఆ ఇన్హిబిటరు పనిచేయడానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కూడా కావాలి. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ గుర్తించిన లోపాల్లో కొన్ని మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినవి. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలిచేవారు కనుక పై పొరలు ఎంత వేడెక్కాయో తెలియలేదు. శీతలీకరణను ఇరవైనాలుగు గంటలూ నడిపేవారు కాదు. 2019 డిసెంబరులో పైపింగులో చేసిన మార్పు తరువాత ట్యాంకులో ద్రవం సరిగా కలియడం లేదు. ఇన్హిబిటరు తగినంత లేదు. ఊరిని మేల్కొలపవలసిన సైరను మోగలేదు. ప్లాంటు నడుస్తున్నప్పుడు స్టైరీన్ వాడుక వల్ల ట్యాంకు ఖాళీ అవుతూ, నిండుతూ ఉంటుంది. వాడుక ఆగాక అదే పదార్థం వారాల తరబడి కదలకుండా నిలిచిపోయింది. సెవెసోలోనూ, వెంకటాపురంలోనూ కొలత ఒక చోట, వేడి మరో చోట ఉన్నాయి.

ఇప్పుడు మీ సోమవారం క్వెంచ్‌ను చూడండి. నైట్రేషన్ పూర్తయిందన్న మాట నిజమే కావచ్చు. కానీ మిగిలిన ఆమ్లంతో కలిసి ఉన్న నైట్రో ద్రవ్యం 40 డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు స్థిరంగా ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఆదివారం జాకెట్ ఆవిరి వాల్వు కారితే, బ్రైన్ ఆపి ఉంటే, అజిటేటరు ఆపి ఉంటే ఏమవుతుందో పై మిత్రుడు చెప్పిన అడియాబాటిక్ పరీక్ష తప్ప ఎవరూ చెప్పలేరు. నన్ను అడిగితే క్వెంచ్ దాకా పోగలిగే వ్యవధి లేకపోతే అడిషన్ మొదలుపెట్టకూడదన్న నియమాన్ని బ్యాచ్ రికార్డులో మొదటి వాక్యంగా రాస్తాను. ఏ కారణంచేతనైనా ఆగవలసివస్తే ఏ దశల్లో ఆగవచ్చో, ఏ దశల్లో ఆగకూడదో ముందే నిర్ణయించి ఉండాలి. ప్రతి పనికీ సగంలో ఆగితే అన్న ప్రశ్న వేయడం అందుకే.

మొదటి సందేహానికి సమాధానం, లెక్కించకూడదు. ఆ సెన్సరు తప్పు చూపితే కంట్రోలరు తప్పుదోవ పడుతుంది, అలారం మోగదు, ఇంటర్‌లాక్ కదలదు. మూడూ ఒకేసారి పోతాయి కనుక అది ఒక్క రక్షణే. లోపా అనే రక్షణ పొరల విశ్లేషణ పద్ధతిలో రక్షణ పొర అనిపించుకోవడానికి మొదటి షరతు ఇదే, ప్రమాదాన్ని మొదలుపెట్టిన లోపం నుంచీ, ఇతర పొరల నుంచీ అది స్వతంత్రంగా ఉండాలి. అలారం విని ఆపరేటరు స్పందించడాన్ని పొరగా తీసుకుంటే, సాధారణంగా పదిసార్లలో ఒకసారి విఫలమవుతుందని లెక్కలో వేస్తారు. అది కూడా ఆయనకు స్పందించడానికి వ్యవధి ఉంటేనే, ఏంచేయాలో ముందే రాసి ఉంటేనే. యూటిలిటీలో ఒంటరిగా ఉన్న వ్యక్తికి ఫోను చేసి బ్రైన్ పంపు నడిపించుకోవడానికి పట్టే సమయాన్ని గడియారం పెట్టి కొలవండి, దాన్ని రన్అవేకు పట్టే సమయంతో పోల్చండి. విడిగా ఒక థర్మోవెల్, విడిగా ఒక ట్రాన్స్‌మిటర్, కంట్రోల్ సిస్టంతో సంబంధం లేని ట్రిప్, గాలి సరఫరా పోయినా తనంతట తాను మూసుకునే అడిషన్ వాల్వు పెట్టించగలిగితే అప్పుడు రెండో పొర ఏర్పడినట్టు.

మరొక సంగతి. ఇది మీ ప్లాంటుకు కొత్త ఉత్పత్తి మాత్రమే కాదు, ఉన్న రియాక్టరుకు ఒక మార్పు కూడా. కనుక మేనేజ్‌మెంట్ ఆఫ్ ఛేంజ్ ఫారం (మార్పును ముందే పరిశీలించి ఆమోదించే పత్రం) తప్పనిసరి. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో 28 మందిని బలితీసుకున్న పేలుడుకు కారణం, పగులు వచ్చిన ఒక రియాక్టరును తీసివేసి దాని స్థానంలో పెట్టిన తాత్కాలిక పైపు. దానికి సరైన డిజైను లెక్కలు లేవు, వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసిన బొమ్మ తప్ప డ్రాయింగు లేదు. మీ దగ్గర ఆమ్లం కోసం అడిషన్ లైనులో మార్చబోయే ప్రతి గాస్కెట్టూ, ప్రతి హోసూ ఆ ఫారంలోకి రావాలి. గతంలో హైడ్రోజనేషన్ చేసిన బ్లాకు కనుక అక్కడి లైన్లలో పాత ద్రావణి అవశేషాలు లేవని నిర్ధారించుకోవడం కూడా మరవకండి. నైట్రిక్ ఆమ్లం మెథనాల్ వంటి ఆల్కహాల్‌ను కలవడం ప్రమాదకరం.

జవాబు: ఫ్యాక్టరీ సేఫ్టీ

సాంకేతిక విషయాలు పై మిత్రులు చెప్పారు. యాజమాన్యంతో మాట్లాడటం గురించి కొంత చెబుతాను.

రెండు రోజులు చాలవు అని వాదించడం కంటే, పరీక్షల ఫలితాలు వచ్చేవరకు హజాప్ మొదలుపెట్టలేము అని చెప్పడం సులభం. ఎందుకంటే ఫలితాలు లేకుండా కూర్చుంటే పర్యవసానం అన్న గడిలో ఏమి రాయాలో ఎవరికీ తెలియదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15656 ప్రమాదాల గుర్తింపు, రిస్క్ విశ్లేషణలకు సంబంధించినదే, దాన్ని మీ నోట్‌లో ప్రస్తావించవచ్చు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు 1989 ప్రకారం పెద్ద ప్రమాదాలకు ఆస్కారం ఉన్న అంశాలను గుర్తించి, నివారణకు తగిన చర్యలు తీసుకున్నామని చూపవలసిన బాధ్యత ఆక్యుపయరుదే (కర్మాగారంపై అంతిమ అధికారం ఉన్న వ్యక్తిదే). భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది) చేర్చిన 41బి సెక్షన్ ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకూ, పరిసరాల్లోని ప్రజలకూ తెలియజేయాలనేది. ప్రాణాపాయం పొంచి ఉందని కార్మికులకు అనిపిస్తే దాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును అదే చట్టంలోని 41హెచ్ ఇచ్చింది. ఈ మాటలు బెదిరింపుగా కాక, సంతకం చేసేవారి బాధ్యతను గుర్తుచేసే విధంగా చెప్పండి. సంతకం తమదని తెలిసినప్పుడు చాలామంది పెద్దలు వారం వ్యవధి ఇవ్వడానికి ఒప్పుకుంటారు.

నేను ఆడిట్లకు వెళ్లిన చోట్ల ఎక్కువగా చూసిన లోపం అధ్యయనంలో కంటే దాని తరువాత ఉంది. సిఫారసులు రాస్తారు. ఆపరేటరుకు శిక్షణ ఇవ్వాలి, ఇంటర్‌లాక్ అవకాశాన్ని పరిశీలించాలి వంటి వాక్యాలు ఉంటాయి. పరిశీలించాలి అని రాసిన పనిని ఏడాది తరువాత కూడా పరిశీలిస్తూనే ఉంటారు. కాబట్టి ప్రతి సిఫారసుకూ ఒక మనిషి పేరు, ఒక తేదీ, పూర్తయిందని ఎలా నిర్ధారిస్తారన్నది రాయించండి. వాటిని రెండుగా విడదీయండి: మొదటి బ్యాచ్‌కు ముందు తప్పనిసరిగా పూర్తికావలసినవి, తరువాత చేయదగినవి. అజిటేటరు ఇంటర్‌లాకూ, విడి ఉష్ణోగ్రత ట్రిప్పూ, కరెంటు వచ్చాక మోటార్లను నడపవలసిన వరుసా మొదటి కోవలోకి వస్తాయి. ప్రీ స్టార్టప్ రివ్యూ (మొదలుపెట్టే ముందు చేసే తనిఖీ) రోజున కాగితం చూసి టిక్ పెట్టకుండా, రియాక్టరులో నీళ్లు నింపి అడిషన్ సాగుతుండగా అజిటేటరు స్విచ్ ఆపి వాల్వు నిజంగా మూసుకుంటుందో లేదో అందరి ముందూ చూడండి. ఆ నీటి ట్రయల్‌ను ఒకసారి రాత్రి షిఫ్టులో, రాత్రి ఉండే సిబ్బందితోనే, బ్లాకుకు కరెంటు ఆపి కూడా చేయించమని నా విన్నపం. యూటిలిటీలో ఉన్న వ్యక్తికి ఫోను చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆ రాత్రే తెలిసిపోతుంది.